ఎవరు ఓటేశారు, ఎవరు మానేశారు: సర్వేతో లెక్క తేల్చడం ఎలా?

ఎన్నికలు అయిపోయాక ఇంటింటికీ తిరిగి "మీరు ఓటేశారా?" అని అడిగితే వచ్చే శాతం, అధికారికంగా ప్రకటించిన పోలింగ్ శాతం కన్నా దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. పది పాయింట్ల తేడా రావడం ఈ రంగంలో పనిచేసేవాళ్లకు కొత్తేమీ కాదు. ఓటేయడం మంచి పౌరుడి పని అని అందరికీ తెలుసు కాబట్టి, మానేసినవాళ్లలో కొందరు వేశామనే చెబుతారు. మరికొందరు అసలు మీతో మాట్లాడటానికే ఒప్పుకోరు. ఈ రెండూ కలిసి మీ డేటాను ఒకే వైపు లాగుతాయి. ఆ తేడాను వీలైనంత తగ్గించాలి, తగ్గనిదాన్ని కొలిచి చెప్పాలి. కింది మెట్లన్నీ అందుకోసమే. వెయ్యి నుంచి రెండు వేల మందితో తొలిసారి సర్వే చేయబోయే విద్యార్థులు, చిన్న బృందాల కోసం ఇది.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"ప్రజలు రాజకీయాల్లో ఎందుకు పాల్గొనరు?" అన్నది చర్చకు పనికొస్తుంది, సర్వేకు పనికిరాదు. "తల్లిదండ్రులు ఓటేసే ఇళ్లలో పెరిగినవాళ్లు తమ మొదటి ఎన్నికలో మిగతావాళ్ల కన్నా ఎక్కువగా ఓటేస్తారా?" అన్నది పనికొస్తుంది. ఎవరి గురించి, ఏ పని గురించి, ఎవరితో పోల్చి అన్న మూడూ అందులో ఉన్నాయి. మీ ప్రశ్నను ఒకే వాక్యంలో రాసి, ఈ మూడింటి కిందా గీతలు గీయండి. ఏదైనా లేకపోతే ప్రశ్నావళి జోలికి ఇంకా వెళ్లకండి.

పాల్గొనడమంటే ఓటొక్కటే కాదు. ప్రచారంలో తిరగడం, ప్రతినిధిని కలవడం, వినతిపత్రం మీద సంతకం పెట్టడం, ఊరేగింపుకు వెళ్లడం, స్థానిక సమస్య కోసం నలుగురితో కలిసి పనిచేయడం కూడా పాల్గొనడమే. వీటన్నిటినీ కూడేసి ఒక సూచీ చేద్దామనిపిస్తుంది. తొందరపడకండి. ఓటుకు పట్టే సమయం తక్కువ, చొరవ కూడా పెద్దగా అక్కర్లేదు. ప్రతినిధిని కలవాలంటే పరిచయాలు, మాట్లాడే ధైర్యం, ఒక పని పడటం కావాలి. నిరసనలకు వెళ్లేవాళ్లూ క్రమం తప్పకుండా ఓటేసేవాళ్లూ చాలా చోట్ల వేర్వేరు వయసులవాళ్లు. వీటిని కూడితే వయసు ప్రభావం ఒకదాంట్లో పైకి, ఇంకోదాంట్లో కిందికి పోయి, చివరికి ఏమీ లేనట్టు కనిపిస్తుంది. విడివిడిగా కొలవండి, విడివిడిగానే విశ్లేషించండి.

హారం విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పోలైన ఓట్లను దేనితో భాగిస్తున్నారు? ఓటు వయసు దాటిన జనాభాతోనా, హక్కున్నవాళ్లతోనా, జాబితాలో పేరున్నవాళ్లతోనా? అమెరికాలో 1972 తర్వాత పోలింగ్ పడిపోతూనే ఉందని చాలాకాలం నమ్మారు. పౌరసత్వం లేనివాళ్లు, శిక్ష పడి హక్కు పోయినవాళ్లు పెరగడంతో హారం ఉబ్బిందనీ, వాళ్లను తీసేసి లెక్కిస్తే ఆ పతనం చాలావరకు కనిపించదనీ 2001లో తేలింది. ఏ హారం వాడారో మొదటి పేజీలోనే రాయండి.

శాంపిల్ తీయడం

1936లో ఒక అమెరికన్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతారని లెక్క తేల్చింది. ఆయన 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాలే పునాది కావడం ఒక తప్పు. తిరిగి పంపినవాళ్లు, పంపనివాళ్లు ఒకలాంటివాళ్లు కాకపోవడం రెండోది. ఈ రెండో తప్పు ఇవాళ్టి ఆన్‌లైన్ ఫారాల్లోనూ ఉంది. లింకు పంపి, నింపినవాళ్లే జనం అనుకుంటే మీదీ అదే దారి.

ఎంతమంది కావాలి? 95 శాతం నమ్మకంతో 5 పాయింట్లు అటూ ఇటూ చాలనుకుంటే 385 మంది, 3 పాయింట్లు కావాలంటే 1,068 మంది. ఈ అంకెలు జనాభా మొత్తం నుంచి చీటీలు తీసినట్టు మనుషుల్ని ఎంచినప్పుడే సరిపోతాయి. ఇంటింటి సర్వేలో ముందు ప్రాంతాలను ఎంచి, ఆ తర్వాత ఒక్కో ప్రాంతంలో కొందరిని ఎంచుతాం. ఒకే ప్రాంతంవాళ్లు కొంత ఒకేలా ఉంటారు కాబట్టి ఇరవయ్యో మనిషి చెప్పేదాంట్లో కొత్త సమాచారం తక్కువ. ఎంత తక్కువో చెప్పే లెక్క ఇది: ప్రాంతానికి ఎంతమందిని తీసుకుంటున్నారో అందులో ఒకటి తీసేసి, ఆ ప్రాంతంవాళ్ల పోలిక కొలతతో (అసలు పోలికే లేకపోతే 0, అందరూ ఒకేలా ఉంటే 1) గుణించి, ఒకటి కలపాలి. పోలిక 0.05 అనుకోండి. ప్రాంతానికి 20 మందైతే 1.95 వస్తుంది, అంటే 1,068 బదులు దాదాపు 2,080 ఇంటర్వ్యూలు కావాలి. ప్రాంతానికి 10 మందైతే 1.45, దాదాపు 1,550 చాలు. ప్రయాణ ఖర్చు పెరిగినా ప్రాంతాలు ఎక్కువ, మనుషులు తక్కువ ఉండేలా చూసుకోవడమే మేలు.

మాట్లాడేవాళ్లు 60 శాతమే ఉంటారనుకుంటే 1,550 ఇంటర్వ్యూల కోసం దాదాపు 2,585 మందిని ఎంచుకుని బయల్దేరాలి.

ఓటర్ల జాబితా నుంచి ఎంచడం సులువు. కానీ మీ ప్రశ్న పాల్గొనకపోవడం గురించైతే అది ఉచ్చు. జాబితాలో పేరే లేనివాళ్లు, ఈమధ్యే ఇల్లు మారినవాళ్లు, ఇప్పుడిప్పుడే వయసొచ్చినవాళ్లు మీకు అసలు దొరకరు. మీరు వెతుకుతున్నది వాళ్లనే. అలాంటప్పుడు ఇళ్లను ఎంచి, ఇంట్లో ఒక్కరిని చీటీ పద్ధతిలో ఎంచండి. పెద్దవాళ్లందరినీ వయసు వరుసలో రాసుకుని, ముందే ముద్రించిన పట్టిక ప్రకారం ఒకరిని తీసుకునే పద్ధతి 1949 నుంచి వాడుకలో ఉంది. పుట్టినరోజు అందరికన్నా ముందు రాబోతున్నవాళ్లను అడగడం ఇంకా తేలిక. పుట్టినరోజులు సరిగా గుర్తులేని చోట మాత్రం తలుపు తీసినవాళ్లే "నాదే ముందు" అనేస్తారు, అక్కడ పట్టికే వాడండి. ఎలా ఎంచినా ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమందో తప్పకుండా రాసుకోవాలి. నలుగురున్న ఇంట్లో ఒకరికి దొరికే అవకాశం ఒంటరిగా ఉండేవాళ్లతో పోలిస్తే నాలుగో వంతు. ఆ తేడాను తర్వాత వెయిట్లతో, అంటే ఒక్కొక్కరి జవాబుకు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే అంకెలతో, సరిదిద్దాలి.

ప్రశ్న రాయడం

మాట మారితే జవాబు మారుతుంది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ప్రసంగాలను "అనుమతించాలా?" అని అమెరికాలో అడిగితే 62 శాతం అనుమతించకూడదన్నారు. ఇలాంటి మరో బృందాన్ని "నిషేధించాలా?" అని అడిగితే 46 శాతమే నిషేధించాలన్నారు. ఈ ఫలితం 1941లో అచ్చయింది. అర్థం ఒకటే, కానీ నిషేధమన్న మాట చెవికి కటువుగా తగులుతుంది.

ఓటు ప్రశ్న దగ్గర ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. "మొన్నటి ఎన్నికల్లో ఓటేశారా? అవును, కాదు" అని అడిగితే, వేయనివాళ్లకు మర్యాదగా తప్పుకునే దారి ఉండదు. ఆ దారి మీరే చూపించాలి:

"ఎన్నికల సంగతి వచ్చినప్పుడు, జాబితాలో పేరు లేకో, ఒంట్లో బాగోలేకో, తీరిక దొరక్కో ఓటేయలేకపోయామని చాలామంది చెబుతుంటారు. ఈ నాలుగింటిలో మీకు సరిపోయేది ఏది? ఒకటి, నేను ఓటేయలేదు. రెండు, ఈసారి వేద్దామనుకున్నాను గానీ వేయలేదు. మూడు, మామూలుగా వేస్తాను గానీ ఈసారి వేయలేదు. నాలుగు, కచ్చితంగా ఓటేశాను."

అమెరికా జాతీయ ఎన్నికల అధ్యయనం 2000లో ఇలాంటి నాలుగు జవాబుల పద్ధతినే వాడింది. మూడో జవాబును గమనించండి. ఎప్పుడూ వేసే మనిషి ఈ ఒక్కసారికి "వేశాను" అని తనకు తానే పొరబడకుండా, తన అలవాటు గురించి చెప్పుకునే చోటు అక్కడ దొరుకుతుంది. అబద్ధమనుకునేదాంట్లో కొంత నిజానికి జ్ఞాపకాల కలగాపులగమే. అందుకే ఎన్నికలైన రెండు మూడు వారాల్లోపే అడగండి. ఆలస్యమైన కొద్దీ పోయినసారి ఓటు ఈసారి ఓటులో కలిసిపోతుంది.

వరుస కూడా ముఖ్యం. "ఓటేయడం పౌరుడి బాధ్యత అనుకుంటున్నారా?" అని అడిగిన వెంటనే ఓటు ప్రశ్న పెడితే, అప్పుడే బాధ్యత అని ఒప్పుకున్న మనిషి వేయలేదని ఎలా చెబుతారు? ఓటు ప్రశ్న ముందు, అభిప్రాయాలు తర్వాత. రాజకీయ పరిజ్ఞానం ప్రశ్నలు ఇంకా చివర. వాటికి జవాబు తెలియకపోతే, ఆ వెంటనే "మీకు రాజకీయాల మీద ఆసక్తి ఉందా?" అన్న ప్రశ్నకు జనం తక్కువ చేసి చెబుతారు.

"నాలాంటివాళ్ల మాటకు ప్రభుత్వంలో విలువ లేదు. ఒప్పుకుంటారా?" లాంటి వాక్యాలు పాత సర్వేల నుంచి వస్తున్నాయి. ఏ వాక్యం చదివినా ఒప్పుకునేవాళ్లు కొందరుంటారు, ఇంటికొచ్చినవాళ్లతో వాదన ఎందుకని. దాని బదులు నేరుగా కొలత అడగండి: "మీలాంటివాళ్ల మాటకు ప్రభుత్వం ఎంత విలువ ఇస్తుంది? చాలా, కొంత, కొద్దిగా, అసలు లేదు." రాజకీయాలు నాకు అర్థమవుతాయన్న నమ్మకం వేరు, చెబితే వినేవాళ్లున్నారన్న నమ్మకం వేరు. రెండింటికీ వేరువేరు ప్రశ్నలు పెట్టండి. "పార్టీల మీద, నాయకుల మీద నమ్మకం ఉందా?" లాంటి జంట ప్రశ్నను రెండుగా విడగొట్టండి.

ఓటుకు డబ్బో బహుమతో తీసుకున్నారా అన్నది ముఖం మీద అడిగితే నిజం రాదు. దీనికి జాబితా పద్ధతి ఉంది. శాంపిల్‌ను చీటీ పద్ధతిలో రెండు సగాలు చేసి, ఒక సగానికి నాలుగు మామూలు ప్రచార చర్యలు, ఇంకో సగానికి అవే నాలుగుతో పాటు "ఓటుకు బహుమతి ఇచ్చారు" అన్నదీ చదవాలి. ఏవి జరిగాయని అడగకూడదు, ఎన్ని జరిగాయనే అడగాలి. మొదటి సగం సగటు 1.60, రెండో సగం సగటు 1.84 అయితే, తేడా 0.24. అంటే 24 శాతం మందికి బహుమతి అందినట్టు. నికరాగ్వాలో 2008 మున్సిపల్ ఎన్నికల తర్వాత ఇలా కొలిస్తే దాదాపు నాలుగో వంతు తేలింది. అక్కడే నేరుగా అడిగినప్పుడు ఒప్పుకున్నది రెండు శాతం చిల్లర. అయితే దీనికి కచ్చితత్వం తక్కువ. సగానికి వెయ్యి మందిని పెట్టినా 8 పాయింట్లు అటూ ఇటూ ఉండొచ్చు. నాలుగు మామూలు అంశాలూ అందరికీ జరిగేవే అయితే రెండో సగంలో "ఐదూ" అనడం ఒప్పుకోవడంతో సమానమైపోయి, పద్ధతే చెడుతుంది. ఒకటి రెండు అరుదైన అంశాలు కలపండి.

ప్రశ్నావళి పూర్తయ్యాక 20 నుంచి 30 మందితో పరీక్షించండి. ప్రతి ప్రశ్న తర్వాత "ఇప్పుడు నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి" అనండి. మీరు అనుకున్న అర్థం, వాళ్లకు అందిన అర్థం ఎక్కడ విడిపోయాయో అరగంటలో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూ మొత్తం 25 నిమిషాలు దాటకుండా చూడండి. దాటితే చివరి ప్రశ్నలకు "మధ్యస్తంగా" అన్న జవాబే వరుసగా పడుతుంది.

ఫీల్డులో

ఎంచిన మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటికి వెళ్లకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే పైన చేసిన శ్రమంతా వృథా. పగలు ఇంట్లో దొరికేవాళ్లు, దొరకనివాళ్లు ఒకేలా ఓటేయరు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో కనీసం నాలుగుసార్లు వెళ్లాలి, అందులో ఒకటి సాయంత్రం, ఒకటి సెలవు రోజు. ప్రతి ప్రయత్నాన్నీ నమోదు చేయాలి: తాళం, నిరాకరణ, ఊళ్లో లేరు, మళ్లీ రమ్మన్నారు.

మొదట అంగీకారం తీసుకోండి. ఎవరు చేస్తున్నారు, ఎందుకు, ఎంతసేపు, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకుండా ఉండొచ్చు, మధ్యలో ఆపేయొచ్చు. ఇవన్నీ చెప్పాకే మొదటి ప్రశ్న. ఎవరికి ఓటేశారో అడిగేటట్టయితే కాగితం చేతికిచ్చి, నింపి, మడిచి పెట్టెలో వేయమనండి. పక్కన ఇంటివాళ్లు నిలబడి ఉంటే ఆ విషయం కూడా రాసుకోండి, జవాబులు మారడానికి అదో కారణం. పేర్లు, చిరునామాలు ఒక ఫైలులో, జవాబులు ఇంకో ఫైలులో ఉంచి, రెండింటినీ కలిపే నంబర్ల పట్టికకు వేరే తాళం వేయండి.

ఒక్కరికి రోజుకు ఐదారు ఇంటర్వ్యూలకు మించి లక్ష్యం పెట్టకండి. ఎక్కువ పెడితే చెట్టు కింద కూర్చుని నింపిన ఫారాలు వస్తాయి. పదిలో ఒక ఇంటికి వేరే మనిషి వెళ్లి నాలుగు ప్రశ్నలు మళ్లీ అడగాలి. ఇంటర్వ్యూ పట్టిన సమయం, అందరికీ ఒకేలా ఉన్న జవాబుల వరుస రోజూ చూసుకోండి.

ఇంకో చిక్కు: ఎన్నికలకు ముందు ఇంటర్వ్యూ చేస్తే ఆ ఇంటర్వ్యూయే కొందరిని పోలింగ్ కేంద్రానికి నడిపిస్తుంది. ముందు, తర్వాత రెండుసార్లు అడిగే ప్యానెల్ పద్ధతిలో ఇది తప్పదు. మనసు ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే మాత్రం ప్యానెల్‌కు సాటి లేదు. 1940లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఈరీ కౌంటీలో 600 మందిని నెలనెలా అడిగిన అధ్యయనం, ప్రచారం చాలామంది మనసు మార్చదనీ, ఉన్న మొగ్గునే గట్టిపరుస్తుందనీ చూపింది. ఒక్కసారి అడిగితే అది తెలిసేది కాదు. ప్యానెల్ పెడితే, ఎన్నికల తర్వాత మాత్రమే అడిగే కొత్తవాళ్ల చిన్న బృందాన్ని కూడా పెట్టండి. రెండింటి తేడా మీ ఇంటర్వ్యూ ప్రభావం.

రికార్డుతో సరిచూడటం

ఎవరికి ఓటేశారన్నది రహస్యం. అసలు వేశారా లేదా అన్నది మాత్రం కొన్ని దేశాల్లో రికార్డుగా పరిశోధకులకు దొరుకుతుంది. దొరికే చోట, చట్టం ఒప్పుకుంటే, ఈ మెట్టు వదలకండి. ఉదాహరణకు అధికారిక పోలింగ్ 60 శాతం అనుకుందాం. మీ సర్వేలో 76 శాతం వేశామన్నారు. అవే మనుషుల రికార్డు చూస్తే 66 శాతమే వేశారు. అప్పుడు 16 పాయింట్ల తేడా రెండు ముక్కలవుతుంది: 6 పాయింట్లు, మీతో మాట్లాడినవాళ్లు ఎక్కువగా ఓటేసే రకం కావడం వల్ల. మిగతా 10, వేయకుండానే వేశామనడం వల్ల. మొదటిదానికి మందు మళ్లీ మళ్లీ వెళ్లడం, రెండోదానికి ప్రశ్న మార్చడం. ఏది ఎంతో తెలియకపోతే తప్పు చోట కట్టు కడతారు.

రికార్డునూ గుడ్డిగా నమ్మొద్దు. పేరు స్పెల్లింగ్ మారినా, ఇంటి నంబరు తప్పినా, నిజంగా ఓటేసిన మనిషి వేయనట్టు లెక్కలోకి వస్తారు. "జత దొరకలేదు" అన్నదానికీ "ఓటేయలేదు" అన్నదానికీ వేరువేరు కోడ్లు ఇవ్వండి.

మరో విషయం విశ్లేషణను నేరుగా దెబ్బతీస్తుంది. వేయకుండా వేశామనేవాళ్లలో చదువుకున్నవాళ్లు, రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎక్కువ. ఎందుకంటే మానేసినందుకు సిగ్గుపడేది వాళ్లే. కాబట్టి చెప్పిన మాటనే నమ్మి లెక్క వేస్తే, చదువుకూ ఓటుకూ ఉన్న సంబంధం ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది.

లెక్కల దగ్గర

"తెలియదు", "చెప్పను", "అడగలేదు" మూడూ వేరు. వాటికి 97, 98, 99 లాంటి కోడ్లిచ్చి, విశ్లేషణకు ముందు ఖాళీలుగా మార్చండి. ఇది మరిచిపోతే వయసు కాలమ్‌లో 99 ఏళ్లవాళ్లు గుంపుగా ప్రత్యక్షమవుతారు.

వెయిట్లు రెండు దశలు. మొదట ఎంపిక అవకాశాన్ని సరిచేయడం, ఆ తర్వాత వయసు, లింగం, చదువు, ప్రాంతం జనగణనతో సరిపోల్చడం. ఒక్క మనిషి పదిమంది బరువు మోస్తుంటే ఆ ఒక్కరి జవాబే ఫలితమవుతుంది. సగటుకు ఐదు రెట్లు దాటిన వెయిట్లను కత్తిరించి, ఆ సంగతి రాయండి.

ఓటేశారా లేదా అన్న రెండు విలువల ఫలితానికి, అవకాశం 0కీ 100 శాతానికీ మధ్యే ఉండేలా లెక్కగట్టే లాజిట్ నమూనా వాడతారు. ఒక అంశం ప్రభావాన్ని చెప్పే దాని గుణకాన్ని నేరుగా శాతంగా చదవకండి. గుణకం 0.4 అయితే, 50 శాతం అవకాశం ఉన్నవాళ్లను అది 60కి తీసుకెళ్తుంది. 90 శాతం ఉన్నవాళ్లను 93కి మాత్రమే. పాఠకులకు ఈ శాతాలే చెప్పండి. ప్రాంతాల వారీగా ఎంచిన డేటాకు ప్రామాణిక దోషాలను (అంచనా ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పే కొలతలను) కూడా ప్రాంతాల వారీగా సరిచేయాలి.

నియంత్రణ చరాలను, అంటే ఒక అంశం ప్రభావాన్ని విడదీయడానికి నమూనాలో అదనంగా పెట్టే అంశాలను, కుప్పగా పోయకండి. చదువు ఆసక్తిని పెంచుతుంది, ఆసక్తి ఓటేయిస్తుంది. ఆసక్తిని కూడా నమూనాలో పెట్టి "చదువు ప్రభావం లేదు" అంటే, చదువు పనిచేసే దారినే మీరు మూసేశారన్నమాట.

ప్రాంతాల శాతాల నుంచి మనుషుల ప్రవర్తన ఊహించడం ఇంకో పెద్ద తప్పు. అమెరికా 1930 జనగణనలో విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ. రాష్ట్రాల స్థాయిలో సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే కొలత) మైనస్ 0.526. మనుషుల స్థాయిలో చూస్తే ప్లస్ 0.118, అంటే దిశే తిరగబడింది. వలస వచ్చినవాళ్లు చదువున్న రాష్ట్రాల్లో స్థిరపడటమే కారణం. 1950లో అచ్చయిన ఈ లెక్క తర్వాత, బూత్ వారీ ఫలితాలు చూసి "ఫలానా వర్గం ఇలా ఓటేసింది" అనేవాళ్లు మరింత ఆధారం చూపించాల్సి వచ్చింది.

కారణం తేల్చాలంటే ప్రయోగమే గట్టి దారి. 1924లోనే షికాగోలో దాదాపు 6,000 మందితో ఓటేయమని ఉత్తరాలు పంపి పరీక్షించారు. 2006లో మిషిగన్‌లో 1,80,000 ఇళ్లతో చేసిన ప్రయోగంలో, ఏ ఉత్తరమూ అందనివాళ్లలో 29.7 శాతం ఓటేశారు. మీరూ మీ ఇరుగుపొరుగూ పోయినసారి ఓటేశారో లేదో రాసి, ఎన్నికయ్యాక మళ్లీ అందరికీ పంపుతామన్న ఉత్తరం అందినవాళ్లలో 37.8 శాతం వేశారు. ఒక్క కాగితానికి 8.1 పాయింట్లు. ఎన్నికలను తాకే ప్రయోగానికి పరిశోధనలను సమీక్షించే నైతిక సంఘం అనుమతి ఒక్కటే సరిపోదు. 2014లో మోంటానాలో దాదాపు లక్ష మందికి ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాలు పంపిన పరిశోధకుల విశ్వవిద్యాలయాలు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఫలితం తారుమారయ్యేంత పెద్దగా చేయకండి, ఒక వైపుకే లాభం కలిగేలా చేయకండి, అధికారిక ముద్రలు తాకకండి.

నివేదికలో ఉండాల్సినవి

ఎంతమందిని ఎంచారు, ఎంతమంది మాట్లాడారు, ఏ తేదీల మధ్య అడిగారు, ఓటు ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా, వెయిట్లకు ముందు శాతం, తర్వాతి శాతం, పక్కనే అధికారిక పోలింగ్ శాతం. ఈ చివరి మూడు అంకెలూ ఒకే పట్టికలో పక్కపక్కన ఉండాలి, అనుబంధంలో కాదు. ప్రశ్నావళి, కోడ్‌బుక్ (ఏ అంకె ఏ జవాబో చెప్పే పట్టిక), విశ్లేషణ ఆదేశాల ఫైలు డేటాతో పాటు జమ చేయండి. బయటికిచ్చే డేటాలో పేర్లు తీసేస్తే చాలదు. ఒక చిన్న ప్రాంతంలో 84 ఏళ్ల న్యాయవాది ఒక్కరే ఉంటే, వయసు, వృత్తి అన్న ఆ రెండు కాలమ్‌లు చాలు ఆయనెవరో తెలిసిపోవడానికి. వయసును గుంపులుగా, వృత్తిని వర్గాలుగా మార్చి, ప్రాంతాల అసలు పేర్లకు బదులు నంబర్లు పెట్టి పంపండి.